ఒకే అంకెతో కోరిన సంఖ్యను రాబట్టడం ఎలా?

ఎనిమిది 8లను మాత్రమే వాడి, మధ్యలో కూడిక గుర్తులు పెట్టి 1000 చేయమనే పజిల్ బడిలోనో, పోటీ పరీక్షల కోచింగ్‌లోనో, కాజీపేట నుంచి సికింద్రాబాద్ వెళ్లే రైలులో ఎదురు సీటు పెద్దమనిషి నోటనో మీకు ఎప్పుడో ఒకప్పుడు ఎదురై ఉంటుంది. వేయి స్తంభాల గుడి ఉన్న ఊరివాళ్లం కాబట్టి వేయి అంటే మనకు కాస్త మక్కువ కూడా ఎక్కువే. జవాబు తెలిసినవారు 888 + 88 + 8 + 8 + 8 అని వెంటనే చెప్పేస్తారు. తెలియనివారు కాసేపు అటూ ఇటూ మార్చి రాసి, కుదరకపోతే కాగితం పక్కన పడేస్తారు. జవాబు చెప్పినవారినే "ఎనిమిదికి బదులు ఏడు ఇస్తే ఎట్లా?" అని అడిగి చూడండి, చాలామంది ఆగిపోతారు. కంఠస్థం చేసిన జవాబు ఆ ఒక్క లెక్కకే పనికొస్తుంది. ఏ అంకె ఇచ్చినా, ఏ సంఖ్య అడిగినా ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆగాలో తెలియాలంటే ఒక వరుస పాటించాలి. ఆ వరుసను మెట్టు మెట్టుగా ఇక్కడ వివరిస్తాను. చిత్తు కాగితం, పెన్సిలు, నోటికి వచ్చిన ఎక్కాలు ఉంటే చాలు. క్యాలిక్యులేటర్ చివరి మెట్టు దాకా అవసరం పడదు.

మొదటి మెట్టు: నియమాలు తేల్చుకోండి

పజిల్ ఇచ్చినవారిని ముందుగా అడగవలసింది ఏయే గుర్తులు వాడవచ్చునన్న సంగతి. కూడికలు మాత్రమే ఉన్నప్పుడు అసాధ్యమైన లెక్క, భాగహారం రాగానే సులువవుతుంది. వర్గమూలం, క్రమగుణితం కూడా ఒప్పుకుంటే ఒక్కోసారి సగం అంకెలతోనే పని అయిపోతుంది. అందువల్ల నియమాలు తేలకుండా మొదలుపెట్టిన లెక్క చివరికి వాదనలోనే ముగుస్తుంది.

అంకెలను పక్కపక్కన రాసి 88, 888 చేయడానికి సాధారణంగా అందరూ ఒప్పుకుంటారు. అయితే అట్లా చేర్చేది ఇచ్చిన అంకెలనే కావాలి, లెక్క కట్టగా వచ్చిన ఫలితాన్ని కాదు. 4 + 4 కట్టి 8 తెచ్చి, దాని పక్కన ఇంకో 4 అతికించి 84 అనడం కుదరదు. పిల్లలు తరచుగా చేసే ఇంకో పని 4² అని రాయడం. పైన చిన్నగా రాసినా అది 2 అనే వేరే అంకె. 4లతో ఆడుతున్నప్పుడు 4 ఘాతం 4 అనవచ్చు, 4 వర్గం అనకూడదు. వర్గమూలం గుర్తులో ఏ అంకే కనిపించదు కాబట్టి √4కు అభ్యంతరం లేదు. క్రమగుణితం గుర్తు కూడా అంతే. 4! అంటే 4 × 3 × 2 × 1, అంటే 24.

సంవర్గమానాలను (లాగరిథమ్‌లు, అంటే ఆధార సంఖ్యకు ఎంత ఘాతం వేస్తే కోరిన సంఖ్య వస్తుందో చెప్పేవి) మాత్రం నేను ఒప్పుకోను. 1933లో భౌతికశాస్త్రంలో నోబెల్ పొందిన పాల్ డిరాక్, సంవర్గమానాలూ వర్గమూలాలూ వాడితే మూడే మూడు 2లతో ఏ ధన పూర్ణాంకాన్నైనా రాయవచ్చని చూపించాడు. మీకు 7 కావాలంటే 2కు వరుసగా ఏడుసార్లు వర్గమూలం తీసి, దానికి 2 ఆధారంగా సంవర్గమానం కట్టి, వచ్చినదానికి మళ్లీ అట్లాగే కడితే −7 వస్తుంది. ముందు రుణ గుర్తు పెడితే 7. వందకు వంద మూలాలు, వేయికి వేయి మూలాలు. ఉపాయం గొప్పదే, కానీ దాన్ని అనుమతించిన తర్వాత ఇక ఆడడానికి ఏమీ మిగలదు.

రెండో మెట్టు: కుదురుతుందా లేదా చూడండి

గంటసేపు తంటాలు పడిన తర్వాత అసాధ్యమని తెలుసుకోవడం కన్నా, మొదటి నిమిషంలోనే తెలుసుకోవడం మేలు. భాగహారం లేకుండా, కూడిక, తీసివేత, గుణకారం, పక్కపక్కన రాయడం మాత్రమే ఉన్నప్పుడు 8ల నుంచి పుట్టే ప్రతి సంఖ్యా 8కి గుణిజమే అవుతుంది. 88 అంటే 8 × 11, 888 అంటే 8 × 111. వాటిని ఎంత కలిపినా, తీసినా, గుణించినా ఆ 8 ఎక్కడికీ పోదు. కాబట్టి 8లతో భాగహారం లేకుండా 100 చేయమంటే పెన్సిలు పట్టనవసరం లేదు, 100ను 8 నిశ్శేషంగా భాగించదు. 1000ని భాగిస్తుంది, 125 వస్తుంది, అందుకే ఆ పజిల్ పుట్టింది. 7లతో 1000 అడిగితే 6 శేషం మిగులుతుంది కాబట్టి భాగహారం తప్పనిసరి.

బేసి అంకె ఇచ్చి కూడిక, తీసివేతలే వాడమన్నప్పుడు ఇంకో చిన్న పరీక్ష ఉంది. 7, 77, 777 అన్నీ బేసి సంఖ్యలే. అందువల్ల అట్లాంటి పదాలు ఎన్ని ఉన్నాయో ఆ లెక్క సరి అయితే ఫలితం సరి సంఖ్య, బేసి అయితే బేసి సంఖ్య అవుతుంది.

మూడో మెట్టు: కూడికలే ఉంటే తూకం రాళ్ల లెక్క

ఈ మెట్టు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి, ఎందుకంటే కూడికల పజిల్స్ అన్నీ ఇక్కడే తేలిపోతాయి. మొదట అడిగిన సంఖ్యను ఇచ్చిన అంకెతో భాగించండి. 1000ని 8తో భాగిస్తే 125. ఇప్పుడు మీ దగ్గర 1, 11, 111 అనే మూడు రకాల తూకం రాళ్లు ఉన్నాయనుకోండి. ఒక్కో రాయికి ఖర్చు అందులో ఉన్న అంకెల లెక్కే: 1కి ఒకటి, 11కి రెండు, 111కి మూడు. ఈ రాళ్లతో 125 తూచాలి, మొత్తం ఖర్చు ఎనిమిది కావాలి.

111లు ఎన్నో, 11లు ఎన్నో రెండు తెలియని సంఖ్యలుగా అనుకుని, మిగిలినవన్నీ 1లనుకుందాం. ఒక్క 111ని వాడితే 111 ఒకట్లకు బదులు మూడే అంకెలు ఖర్చవుతాయి, అంటే 108 అంకెలు ఆదా. ఒక్క 11ని వాడితే పదకొండుకు బదులు రెండు, అంటే తొమ్మిది ఆదా. అన్నీ 1లే అయితే 125 అంకెలు పడతాయి. మనకు ఎనిమిదే ఉన్నాయి కాబట్టి 117 ఆదా చేయాలి. 117లో ఒక 108, ఒక 9 ఉన్నాయి. అంటే ఒక 111, ఒక 11, మిగిలిన మూడు 1లు. ఇప్పుడు ప్రతి దాన్నీ 8తో గుణిస్తే 888 + 88 + 8 + 8 + 8. పదమూడు 11లతో కూడా 117 ఆదా అవుతుంది కదా అని మీకు తోచవచ్చు, కానీ పదమూడు 11లు 143 అవుతాయి, 125 దాటిపోతుంది. కాబట్టి గుర్తుల వరుస మార్చడం తప్ప ఈ పజిల్‌కు రెండో జవాబు లేదని కూడా ఈ లెక్కే రుజువు చేసింది.

ఆదా ఎప్పుడూ 9 గుణిజాల్లోనే జరుగుతుందని గమనించారా? 108 కూడా తొమ్మిది పన్నెండ్లే. దీని నుంచి వచ్చే సూత్రం గుర్తు పెట్టుకోదగ్గది: అడిగిన సంఖ్యను అంకెతో భాగించగా వచ్చినదాన్ని 9తో భాగిస్తే ఏ శేషం మిగులుతుందో, వాడవలసిన అంకెల లెక్కను 9తో భాగించినా అదే శేషం మిగలాలి. 125లో అంకెలు కూడితే 8. కాబట్టి కూడికలతో 1000 చేయడానికి ఎనిమిది 8లు పనికొస్తాయి, పదిహేడు పనికొస్తాయి, ఇరవై ఆరు పనికొస్తాయి, మధ్యలో పది గానీ పదిహేను గానీ పనికిరావు. తొమ్మిది 8లతో కూడికల ద్వారా 1000 చేశామని ఎవరైనా అంటే, చూడకుండానే తప్పని చెప్పవచ్చు.

ఇదే పద్ధతిలో 1000కి మిగతా అంకెలను పరీక్షిస్తే, కూడికలతో 4లు కనీసం పదహారు, 5లు ఇరవై, 2లు ఇరవై మూడు, 1లు ఇరవై ఎనిమిది కావాలి. 3, 6, 7, 9 అసలే కుదరవు. అన్నిటికన్నా పొదుపైనది 8, దానికి కావలసిన అంకెలూ సరిగ్గా ఎనిమిదే. ఆ పజిల్ అంతగా నోళ్లలో నానడానికి కారణం ఈ పొంతనే అయి ఉంటుంది. తీసివేతను కూడా అనుమతిస్తే శేషం సూత్రం కొద్దిగా మారుతుంది: కూడే పదాల్లోని అంకెల లెక్క నుంచి తీసివేసే పదాల్లోని అంకెల లెక్కను తీసేసి, మిగిలినదాన్ని 9తో భాగించి చూడాలి.

నాలుగో మెట్టు: ఏ అంకెకైనా పనికొచ్చే కట్టుబడి

భాగహారం చేతికి రాగానే అంకె ఏదన్న పట్టింపు చాలావరకు పోతుంది. సున్నా కాని ఏదో ఒక అంకెను 'అ' అనుకుందాం. 'అఅ' అంటే దాన్ని రెండుసార్లు పక్కపక్కన రాయడం. కింది వరుసలు కాగితంపై రాసి పెట్టుకోండి, ప్రతి పజిల్‌లోనూ ఇవి అక్కరకొస్తాయి.

అ ÷ అ = 1
(అ + అ) ÷ అ = 2
(అఅ − అ) ÷ అ = 10
అఅ ÷ అ = 11
(అఅ + అ) ÷ అ = 12
అఅఅ ÷ (అ + అ + అ) = 37
(అఅఅ − అఅ) ÷ అ = 100
అఅఅఅ ÷ అఅ = 101
(అఅఅఅ − అఅఅ) ÷ అ = 1000

చివరి వరుసలో అంకెలు లెక్కపెట్టండి: నాలుగు, మూడు, ఒకటి, మొత్తం ఎనిమిది. అంటే ఎనిమిది 8లతోనే కాదు, ఎనిమిది 7లతోనూ, ఎనిమిది 3లతోనూ 1000 వస్తుంది. (7777 − 777) ÷ 7 కట్టి చూడండి, పైన 7000 మిగులుతుంది, 7తో భాగిస్తే 1000. ఏడు ఇస్తే ఎట్లా అన్న ప్రశ్నకు జవాబు ఇదే. 100కు ఆరు అంకెలు చాలు.

37 ఎక్కడి నుంచి వచ్చిందంటే, 111 = 3 × 37. ఒకట్ల వరుసలకు ఉన్న కారణాంకాలు తెలిసి ఉంటే ఇట్లాంటి వరుసలు మీరే కొత్తవి తయారు చేసుకోవచ్చు. 1111 = 11 × 101, 11111 = 41 × 271, 111111 = 3 × 7 × 11 × 13 × 37. ఈ ఒకట్ల వరుసలపై మోజు మన దేశంలో పాతదే. రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో, తొమ్మిదో శతాబ్దంలో, మహావీరాచార్యుడు రాసిన గణిత సార సంగ్రహంలో 12345679 × 9 = 111111111, 152207 × 73 = 11111111 వంటి గుణకారాలు ఉన్నాయి, అట్లా వచ్చే సంఖ్యలను ఆయన కంఠహారాలుగా వర్ణించాడు. ఆ గ్రంథాన్నే తర్వాత పావులూరి మల్లన తెలుగు చేశాడు. 152207ను విడగొడితే 11 × 101 × 137 వస్తుంది, ఒకసారి చేసి చూడండి.

అన్ని అంకెలకూ పనిచేసే వరుస ఉన్నా, కొన్ని అంకెలకు సొంత దగ్గరి దారులు ఉంటాయి. అవి దొరికితే పొదుపు. 9 పది ఘాతాలకు ఒకటి తక్కువలో నిలబడుతుంది కాబట్టి 99 + 9 ÷ 9 = 100, 999 + 9 ÷ 9 = 1000. మూడుకు మూడు వందల ముప్పై మూడును మూడింతలు చేస్తే 999 వస్తుంది కాబట్టి 333 × 3 + 3 ÷ 3 = 1000, ఆరు అంకెలతోనే. 1కి భాగహారమే అక్కర్లేదు, 1111 − 111. అయిదుకు 100 చాలా దగ్గర: 5 × 5 × 5 − 5 × 5, లేదా (5 + 5 + 5 + 5) × 5. ఘాతమూ క్రమగుణితమూ ఒప్పుకుంటే 4 అందరినీ మించిపోతుంది. 4 ఘాతం 4 అంటే 256, దాన్ని నాలుగింతలు చేస్తే 1024, అందులోంచి 4! తీసేస్తే సరిగ్గా 1000, వాడినవి నాలుగే 4లు. నాకు తెలిసిన వాటిలో ఇంతకన్నా అందమైన వేయి లేదు.

ఈ సొంత దారులను పట్టుకోవడానికి ఒక అలవాటు చేసుకోండి. అంకె ఇవ్వగానే దాని ఘాతాలు, దాని క్రమగుణితం, దాన్ని రెండుసార్లు, మూడుసార్లు పక్కపక్కన రాసిన రూపాలు కాగితం అంచున రాసి, అడిగిన సంఖ్యకు దగ్గరగా ఏది వస్తుందో చూడండి. దగ్గరగా వచ్చినదాని నుంచి తేడా ఎంతో అదే ఇక మీ కొత్త పజిల్, అది ఎప్పుడూ పాతదానికన్నా చిన్నదే.

అయిదో మెట్టు: మిగిలిపోయిన అంకెలను ఖర్చు చేయండి

జవాబు దొరుకుతుంది, కానీ అంకెలు మిగిలిపోతాయి. ఆరు 7లతో 100 వచ్చింది, పజిల్ ఎనిమిది 7లు అడిగింది. ఇక్కడ చాలామంది మొత్తం కొట్టేసి మళ్లీ మొదలుపెడతారు. ఆ అవసరం లేదు. రెండు మిగిలితే చివర + 7 − 7 అని రాయండి. మూడు మిగిలితే + (7 − 7) × 7. నాలుగు మిగిలితే ఇంకో × 7 తగిలించండి. సున్నాను ఎన్ని ఏడులతో గుణించినా సున్నాయే కాబట్టి రెండు గానీ అంతకు మించి ఎన్ని గానీ మిగిలినా వాటన్నిటినీ ఆ బ్రాకెట్ మింగేస్తుంది.

చిక్కల్లా సరిగ్గా ఒక్క అంకె మిగిలినప్పుడే. అప్పుడు బ్రాకెట్లు విప్పే విభాగ న్యాయాన్ని ఆశ్రయించండి. (777 − 77) ÷ 7 లో చివరి 7 ఒక్కటే ఉండి ఇద్దరికీ పనిచేస్తోంది. బ్రాకెట్ విప్పి ఎవరిది వారికి పంచితే 777 ÷ 7 − 77 ÷ 7, అంటే 111 − 11. విలువ మారలేదు, అంకెలు ఆరు నుంచి ఏడయ్యాయి. అట్లాగే (7 + 7) × 7 + (7 + 7) ÷ 7 కూడా 98 + 2, ఆరు అంకెల వంద. మొదటి బ్రాకెట్‌ను విప్పితే 7 × 7 + 7 × 7 + (7 + 7) ÷ 7, ఏడు అంకెల వంద.

ఈ రెండు ఉపాయాలనూ కలిపి చూస్తే ఒక గట్టి ఫలితం చేతికొస్తుంది. ఏ అంకెతోనైనా 1000 ఎనిమిదితో వస్తుంది. బ్రాకెట్ విప్పితే తొమ్మిదితో వస్తుంది. పది నుంచి పైకి ఎన్నైనా సున్నా బ్రాకెట్‌తో వస్తాయి. అంటే ఎనిమిది గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఎన్ని అంకెలు ఇచ్చినా, ఆ అంకె ఏదైనా, 1000 రాబట్టలేని సందర్భం లేదు. 100కు ఆరు నుంచి పైకి ఇదే మాట. కాబట్టి ఎక్కువ అంకెలిచ్చే పజిల్‌కు భయపడకండి. కష్టమంతా తక్కువ ఇచ్చినప్పుడే.

ఆరో మెట్టు: చివరి నుంచి వెనక్కి రండి

తక్కువ అంకెలతో చేయవలసి వచ్చినప్పుడు ముందు నుంచి కట్టుకుంటూ పోతే దారులు విపరీతంగా పెరిగిపోతాయి. అందుకని అడిగిన సంఖ్య దగ్గర నిలబడి, చివరి గుర్తు ఏదై ఉంటుందని అడగండి.

నాలుగు 4ల పజిల్‌తో దీన్ని చూద్దాం. 1881లో ఇంగ్లండులోని నాలెడ్జ్ అనే విజ్ఞాన పత్రికలో అచ్చయినప్పటి నుంచి ఇది ఈ రకం పజిల్స్‌లో అన్నిటికన్నా పేరున్నది. సరిగ్గా నాలుగు 4లతో 0 నుంచి మొదలుపెట్టి వరుసగా ఒక్కో సంఖ్యనూ రాబట్టుకుంటూ పోవాలి. 9 దాకా పక్కపక్కన రాయకుండానే, మామూలు నాలుగు పరిక్రియలతోనే వస్తాయి. 7కు 4 + 4 − 4 ÷ 4, 9కి 4 + 4 + 4 ÷ 4, 5కు (4 × 4 + 4) ÷ 4. మిగిలినవి మీరే పూర్తి చేయండి. 10 దగ్గర పక్కపక్కన రాయడం తప్పదు: (44 − 4) ÷ 4.

11 దగ్గర గోడ అడ్డం వస్తుంది. మూడు 4లతో 44 ÷ 4 సులువుగా వచ్చినా, మిగిలిన ఒక్క 4ను ఎక్కడా పెట్టలేం. అయిదో మెట్టులో చెప్పిన ఒక్క అంకె చిక్కు ఇదే, పైగా ఇక్కడ విప్పడానికి బ్రాకెట్ కూడా లేదు. నాలుగు పరిక్రియలతో 11 రాదు. 13, 14, 18, 19 కూడా రావు. ఇక్కడే వర్గమూలాన్ని లోపలికి రానివ్వాలి. √4 + √4 = 4 కాబట్టి ఒక 4 స్థానంలో రెండు 4లు కూర్చోబెట్టవచ్చు: 44 ÷ (√4 + √4) = 11. 13కు 44 ÷ 4 + √4, 14కు 4 + 4 + 4 + √4, 18కి 4 × 4 + 4 − √4.

19కి వెనక్కి వచ్చే పద్ధతి కావాలి. చివరి గుర్తు కూడిక అయి, చివర ఒక 4 ఉంటే అంతకుముందు 15 ఉండాలి. తీసివేత అయితే 23 ఉండాలి. గుణకారం అయితే భిన్నం వస్తుంది, వదిలేద్దాం. భాగహారం అయితే 76 ఉండాలి. ఇప్పుడు ప్రశ్న మారింది: మూడు 4లతో 15, 23, 76లలో ఏది వస్తుంది? 23ను చూడగానే 24 గుర్తు రావాలి, అది 4!. ఒకటి తీసేయాలి, 4 ÷ 4 ఒకటి. కాబట్టి 23 = 4! − 4 ÷ 4, 19 = 4! − 4 ÷ 4 − 4. ఇట్లాగే 31 అడిగితే, ముందు 4! తీసేసి మిగిలిన 7ను మూడు 4లతో వెతకండి. (4! + 4) ÷ 4 అంటే 28 ÷ 4, సరిగ్గా 7.

ఇదే పద్ధతి పెద్ద సంఖ్యలకూ సరిపోతుంది. వేయి స్తంభాల గుడిని రుద్రదేవుడు కట్టించిన 1163ను 1లతో రాయాలనుకుందాం. దగ్గరి వరుస 1111, తేడా 52. కూడికలతోనే పోతే నాలుగు 11లు, ఎనిమిది 1లు కావాలి, మొత్తం ఇరవై అంకెలు. గుణకారం అనుమతిస్తే 52ను 13 × 4గా విడగొట్టండి:

1111 + (11 + 1 + 1) × (1 + 1 + 1 + 1) = 1163

నాలుగు, నాలుగు, నాలుగు, మొత్తం పన్నెండే. తేడా దొరకగానే దాన్ని కారణాంకాలుగా విడగొట్టి చూడడం ఎప్పుడూ మరిచిపోవద్దు. అంకెలు ఎక్కువ ఆదా అయ్యేది అక్కడే.

దశాంశ బిందువు గురించి ఒక మాట. అది అనుమతిస్తే అ ÷ .అ ఎప్పుడూ 10 అవుతుంది, (అఅ − అ) ÷ .అ ఎప్పుడూ 100 అవుతుంది. (77 − 7) ÷ .7, నాలుగే ఏడులతో వంద. సున్నా రాయకుండా బిందువు పెట్టడం సరైనదేనా అని కొందరు అడ్డం తిరుగుతారు, కాబట్టి ముందే అడిగి పెట్టుకోండి.

ఏడో మెట్టు: సరిచూసుకోవడం

రాసిన జవాబును ఇంకొకరు చదివినా అదే విలువ రావాలి. (8888 − 888) ÷ 8 అని రాయవలసిన చోట బ్రాకెట్ మరిచి 8888 − 888 ÷ 8 అని రాస్తే, భాగహారం ముందు జరిగి 8888 − 111 అవుతుంది, అంటే 8777. ఇక్కడ ఒక తమాషా ఉంది. దుకాణాల్లో వాడే చిన్న క్యాలిక్యులేటర్లు సాధారణంగా మీరు నొక్కిన వరుసలోనే లెక్క కడతాయి కాబట్టి, అదే తప్పు వరుసను నొక్కితే ముందు 8000 చేసి, తర్వాత 8తో భాగించి 1000 చూపిస్తాయి. సైంటిఫిక్ క్యాలిక్యులేటర్ మాత్రం 8777 చూపిస్తుంది. అందువల్ల క్యాలిక్యులేటర్ సరేనన్నంత మాత్రాన కాగితం మీది జవాబు సరైనదని అనుకోకూడదు. బాడ్‌మాస్ వరుసలో చేత్తో ఒకసారి కట్టి, అంకెలు ఎన్ని వాడారో వేలు పెట్టి లెక్కపెట్టుకోండి.

పిల్లలతో మొదలుపెట్టేవారు నేరుగా నాలుగు 4లకు వెళ్లకుండా, ఏ అంకెనైనా మూడుసార్లు వాడి 6 చేయమని అడగండి. 2 + 2 + 2, 3 × 3 − 3, 5 + 5 ÷ 5, 7 − 7 ÷ 7 వాళ్లే చెప్పేస్తారు. 1 దగ్గర క్రమగుణితం నేర్పవచ్చు: (1 + 1 + 1)!. 9 దగ్గర వర్గమూలం: (9 + 9) ÷ √9. 8 దగ్గర అందరూ ఆగుతారు, 8 − √√(8 + 8) చూపించండి. తర్వాత బస్టాండు ముందు ఆగి ఉన్న బండ్ల టీజీ 03 నంబర్ ప్లేట్లే చాలినన్ని పజిల్స్ ఇస్తాయి. ప్లేటు మీది నాలుగంకెల సంఖ్యను ఒక పిల్లవాడు చదవాలి, వాడవలసిన అంకెను ఇంకొకరు చెప్పాలి.

మీరే పజిల్ తయారు చేసి ఇచ్చేటప్పుడు రెండో మెట్టు, మూడో మెట్టు పరీక్షలు పెట్టి, అది కుదిరేదేనని నిర్ధారించుకున్నాకే ఇవ్వండి. ఒక నమూనా ఇస్తాను. రామప్ప గుడి వెలసిన 1213ను 1లతో, కూడిక తీసివేతలు మాత్రమే వాడి, పదకొండు అంకెల్లో రాయండి. 1213ను 9తో భాగిస్తే 7 శేషం. పదకొండులో తొమ్మిది అంకెలు కూడే పదాల్లోకి, రెండు తీసివేసే పదంలోకి వెళ్తే ఆ శేషం సరిపోతుంది.